దాత అండంతో బిడ్డను కనడం తప్పా? చెల్లెలి అండం తీసుకోవచ్చా? బిడ్డకు చెప్పాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీకు 38 ఏళ్లు, మీవారికి 42. సొంత అండాలతో చేయించుకున్న రెండు ఐవీఎఫ్ సైకిళ్లు (శరీరం బయట పిండాన్ని తయారుచేసి గర్భంలో పెట్టే చికిత్స విడతలు) ఫలించలేదు, అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ బాగా పడిపోయింది, ఇక దాత అండమే మార్గమని డాక్టరు గారు చెప్పారు. మీ చెల్లెలు తన అండాలు ఇస్తానంటోంది. మీవారు ఒప్పుకున్నారు గానీ, ఈ సంగతి బంధువులకే కాక పుట్టబోయే బిడ్డకు కూడా ఎన్నటికీ తెలియకూడదని షరతు పెట్టారు. ఇదంతా ధర్మమేనా, అలా పుట్టిన బిడ్డ నా బిడ్డ అవుతుందా అని మీరు అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. దాత అండంతో బిడ్డను కనడం తప్పు కాదు. చెల్లెలి దగ్గర మాత్రం తీసుకోవద్దు. ఇప్పటి చట్టంలో ఆ దారి దాదాపు మూసుకుపోయింది, తెరిచి ఉన్నా నేను వద్దనే అంటాను. బిడ్డకు చెప్పాలి, అదీ చిన్నతనంలోనే. ఈ మూడింటిలో మీరు ముందు తేల్చుకోవలసింది మూడోది. దాత ఎవరన్నది కుదిరాక, ఇంజెక్షన్లు మొదలయ్యాక, బిడ్డకు చెప్పాలా వద్దా అన్న చర్చ ఇంట్లో ఇక జరగదు, అది వాయిదాల మీద వాయిదాలు పడిపోతుంది.

నేను వైద్యురాలిని కాను. సంతాన సాఫల్య కేంద్రాల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను, మొదట హైదరాబాదులో, ఇప్పుడు విజయవాడలో. కాబట్టి మీ ఏఎంహెచ్ విలువ గురించి, మరో సైకిల్ సొంత అండాలతో ప్రయత్నించవచ్చా అన్నదాని గురించి నేను మాట్లాడను. ఆ ప్రశ్న వేరే కేంద్రంలో ఇంకొక డాక్టరును కూడా అడగండి, అడిగితే మీ డాక్టరు గారు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి.

ధర్మమా అని అడిగేవాళ్లలో చాలామంది మనసులో ఉండేది "ఇది ప్రకృతికి విరుద్ధం కదా" అన్న సందేహం. దానికి నేను పెద్ద విలువ ఇవ్వను. సిజేరియన్ కాన్పును, ఇంక్యుబేటర్‌లో బతికించుకున్న నెలలు నిండని పాపను మనం ఆ మాటతో కొలవడం లేదు. మతపరమైన సందేహమైతే సంగతి వేరు, దాన్ని తేలికగా తీసిపారేయకూడదు. కథోలిక సంఘం 1987లోనే వాటికన్ ఉపదేశం ద్వారా ఐవీఎఫ్‌ను, దాత బీజకణాలను (అండం, వీర్యం) కూడా కాదన్నది. సున్నీ ధర్మవేత్తల్లో అత్యధికులు భార్యాభర్తల సొంత అండం, సొంత వీర్యంతో చేసే ఐవీఎఫ్‌ను అనుమతిస్తారు, మూడో మనిషి ప్రమేయాన్ని అనుమతించరు. హిందూ కుటుంబాల్లో ఈ విషయం మీద ఒక్క మాటగా చెప్పే పీఠం ఏదీ లేదు. పెద్దవాళ్లు గాంధారి కుండల కథనో, దేవకి గర్భం రోహిణికి మారిన కథనో చెప్పి సర్దిచెబుతారు, నేను వాళ్లతో వాదనకు దిగను. మీది ఏ సంప్రదాయమో మీరు రాయలేదు. మీరు నమ్మే విషయానికి ఎదురు వెళ్లి చేసుకుంటే ఆ బరువు బిడ్డ పుట్టాక పెరుగుతుందే తప్ప తగ్గదు, కనుక ఆ మాట ముందే మీవారితో, మీరు గౌరవించే పెద్దలతో మాట్లాడుకోండి.

నా దృష్టిలో అసలు నైతిక ప్రశ్న ఇంకోచోట ఉంది. ఈ చికిత్సలో సంతకాలు పెట్టేది, డబ్బు కట్టేది, నిర్ణయించేది మీ దంపతులు. కానీ దీని ఫలితం అనుభవించేవాళ్లలో ఇద్దరు మీ సంప్రదింపుల గదిలో ఉండరు. ఒకరు అండం ఇచ్చే స్త్రీ, రెండోవారు పుట్టబోయే బిడ్డ. ఆ ఇద్దరి పట్ల మీరు ఎలా నడుచుకుంటారన్న దాన్నిబట్టే ఇది ధర్మమో కాదో తేలుతుంది.

ముందు దాత సంగతి. ఐవీఎఫ్ వంటి సంతాన సాఫల్య చికిత్సలను (వీటినే ఏఆర్‌టీ అంటారు) నియంత్రించడానికి 2021లో పార్లమెంటు చేసిన ఏఆర్‌టీ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అండదాతను చూపించడం, ఆమెకు పరీక్షలు చేయించడం నమోదైన ఏఆర్‌టీ బ్యాంకు, అంటే దాతలను చూసి అండాలు, వీర్యం సమకూర్చే సంస్థ, చేయవలసిన పని. ఆమె వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, ఒక దాత నుంచి వచ్చినవి ఒక్క జంటకే చెందాలి. ఆమె పేర 12 నెలల బీమా చేయించవలసింది మీరే.

ఈ నిబంధనలు ఊరికే రాలేదు. చట్టం రాకముందు ఒకే మనిషి ఈ నెల ఒక కేంద్రంలో, మూడు నెలల తర్వాత ఇంకో కేంద్రంలో వేరే పేరుతో ఇవ్వడం మా రంగంలో అందరికీ తెలిసిన రహస్యం. అలా వచ్చిన ఒకామె నాకు బాగా గుర్తుంది. ఇంతకుముందు ఎక్కడైనా ఇచ్చారా అని అడిగితే లేదని తల ఊపింది, కానీ పొట్ట మీద పాత సూది గుర్తులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "మత్తు వదిలాక బస్సెక్కొచ్చా?" ఆమెకు ఇంటికాడ ఇద్దరు పిల్లలు, స్కూలు వదిలే టైముకు చేరుకోవాలి.

అండాలు ఇవ్వడం రక్తదానం లాంటిదని కొందరు ఏజెంట్లు చెబుతారు, అది అబద్ధం. పది పన్నెండు రోజులు హార్మోను ఇంజెక్షన్లు తీసుకోవాలి, మధ్యమధ్య స్కానింగులు, చివర్లో మత్తు ఇచ్చి యోని మార్గం గుండా సూదితో అండాలను బయటికి తీస్తారు. కొందరిలో అండాశయాలు మితిమీరి స్పందించి పొట్టలో నీరు చేరుతుంది, ఆసుపత్రిలో చేర్చవలసి రావచ్చు. దాతకు డబ్బు అవసరం లేకుండా కేవలం దయతో వచ్చిందని నేను మీతో నటించను. మన దగ్గర ఎక్కువమంది అవసరం కొద్దీ వస్తారు. అవసరం కొద్దీ వచ్చినంత మాత్రాన ఆమె సమ్మతి చెల్లదని నేను అనను, కానీ ఆమె అవసరం వల్ల మీ బాధ్యత పెరుగుతుంది. అందుకని మీ కేంద్రంలో ఈ మాటలు అడగండి: బ్యాంకు నమోదు సంఖ్య ఏమిటి, దాత పేర తీసుకున్న బీమా కాగితం చూపిస్తారా, అండాలు తీసిన తర్వాత ఆమెకు ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారు, ఆమెతో ఆమె భాషలో మాట్లాడింది ఎవరు. ఆమె పేరు అడగవద్దు, అది మీకు ఇవ్వరు. మిగతా వాటికి విసుక్కునే కేంద్రాన్ని వదిలేయండి.

ఏడు అండాల పరిమితి మీద డాక్టర్లకు అభ్యంతరాలున్నాయి, ఇంజెక్షన్ల తర్వాత అండాలు లెక్కపెట్టుకుని తయారు కావు కదా అంటారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయినా దాత వైపు నుంచి చూసినప్పుడు, ఎక్కువ అండాల కోసం మోతాదు పెంచే ఆశకు ఈ పరిమితి పగ్గం వేస్తుందని నా అభిప్రాయం.

ఇక మీ చెల్లెలు. దాతను బ్యాంకే చూపించాలని చట్టం చెబుతున్నందువల్ల చాలా కేంద్రాలు బంధువుల అండాలను ఇప్పుడు ఒప్పుకోవు. చట్టాన్ని పక్కనపెట్టి చూసినా, నేను వద్దనడానికి కారణం వేరే ఉంది. చట్టం రాకముందు ఒక అక్కచెల్లెళ్లు వచ్చారు. చెల్లెలికి 27 ఏళ్లు, ఒక బాబు. అక్క ముందు, తల్లి ముందు, బావగారి ముందు ఆమె ఎంతో సంతోషంగా, "మా అక్కకు కాకపోతే ఎవరికిస్తానండీ" అంది. విడిగా మాట్లాడాలని మిగతావాళ్లను బయటికి పంపాను. తలుపు మూసుకున్న తర్వాత ఆమె కాసేపు చున్నీ అంచు నలుపుతూ కూర్చుని, "మేడమ్, నా అండాలు పనికిరావని డాక్టరు గారితో చెప్పించండి. నేను వద్దంటే అమ్మ నాతో మాట్లాడదు" అంది. ఆమె భర్తకు ఇష్టం లేదు, అత్తవారికి తెలిస్తే గొడవ, అక్క బిడ్డలో తన పోలిక కనిపిస్తే తను తట్టుకోగలనో లేదోనని భయం. ఆ రోజు మేము వైద్య కారణాల వల్ల కుదరదని మాత్రమే బయట చెప్పాం, వివరాలు అడిగితే ఆమె ఆరోగ్య సమాచారం గోప్యమన్నాం.

మీ చెల్లెలు కూడా అలాగే ఉందని నేను అనడం లేదు. ఆమె నిజంగా మనసారా ఇస్తానంటూ ఉండవచ్చు. కానీ మన ఇళ్లలో అక్క కళ్లలో నీళ్లు చూసిన చెల్లెలికి కాదనే స్వేచ్ఛ ఎంత ఉంటుంది? కాదనలేని మనిషి ఔనన్నా దాన్ని సమ్మతిగా నేను లెక్కవేయలేను. పైగా పిన్నిగా ఆమె ప్రతి పండక్కీ మీ ఇంటికి వస్తుంది, బిడ్డ చదువు గురించో, పెంపకం గురించో ఒక మాట అంటుంది, ఆ మాట వెనక మీకు వేరే అర్థం వినిపించడం మొదలవుతుంది. ఆమె మీకు చేయగలిగిన మేలు ఇంకొకటుంది: ఈ చికిత్స నడిచే నెలల్లో మీరు ఏ దాపరికమూ లేకుండా మాట్లాడుకోగల ఒక మనిషిగా ఉండడం.

ఇప్పుడు మీవారి షరతు. ఇది ఆయన స్వార్థమని తొందరపడి అనుకోకండి. నా దగ్గరికి వచ్చే భర్తల్లో ఈ షరతు వెనక సాధారణంగా కనిపించేది భయం. బంధువులు బిడ్డను తక్కువగా చూస్తారేమో, ఆస్తి పంపకాల్లో పేచీ పెడతారేమో, బిడ్డే ఒకరోజు "నువ్వు మా అమ్మవి కాదు" అంటుందేమో. ఆస్తి గురించిన భయానికి చట్టంలో సమాధానం ఉంది: దాత బీజకణంతో పుట్టినా ఆ బిడ్డను మీ దంపతుల జీవసంబంధ సంతానంగానే చట్టం పరిగణిస్తుంది, సహజంగా పుట్టిన బిడ్డకున్న హక్కులన్నీ ఉంటాయి, దాతకు బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు. మిగతా రెండు భయాలకు రహస్యం మందు కాదు.

రహస్యం ఖరీదు ఎవరు చెల్లిస్తారో ఒకసారి చూడండి. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఒక జంటలో లోపం భర్తది, వీర్యంలో కణాలు అసలు లేవు. ఆ సంగతి దంపతులిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్ల పాటు సీమంతాలకు, పేరంటాలకు పిలవకుండా పక్కనపెట్టింది మాత్రం ఆమెను. "ఆయన పరువు పోతుందని ఊరుకున్నానండీ" అని ఆమె చెప్పినప్పుడు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. దాత వీర్యంతో పాప పుట్టాక కూడా ఆ కథ మారలేదు, "ఎన్ని మందులు మింగితే ఈవిడకు కడుపు పండిందో" అనే మాటే ఆ ఇంట్లో నిలబడిపోయింది. బంధువులకు చెప్పకపోవడం మీ హక్కు, అందులో తప్పేమీ లేదు. కానీ చెప్పకపోవడం వల్ల ఇంట్లో ఎవరో ఒకరు నింద మోయవలసి వస్తుంటే అది గోప్యత హద్దు దాటిపోయినట్టే.

బిడ్డ విషయానికి వస్తే, బంధువులకూ బిడ్డకూ తేడా ఉంది. తన పుట్టుక గురించిన సమాచారం మొదట బిడ్డది, తర్వాతే మీది. స్వీడన్ 1985లోనే దాత వివరాలు తెలుసుకునే హక్కు పిల్లలకు ఇచ్చింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 తర్వాత నమోదైన దాతల వివరాలను అలా పుట్టినవాళ్లు 18 ఏళ్లు నిండాక అడిగి తెలుసుకోవచ్చు, లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఈ చికిత్స చేయించుకునే మన తెలుగు దంపతులకూ ఇదే వర్తిస్తుంది. మన చట్టం దాత పేరును గోప్యంగా ఉంచుతుంది, కాబట్టి ఇక్కడ మీ బిడ్డకు ఆ పేరు దొరకదు. కానీ దాత ఉందన్న నిజాన్ని దాచమని చట్టం ఎక్కడా చెప్పలేదు.

దాగుతుందా అన్నది కూడా ఆలోచించండి. క్లినిక్‌లు బ్లడ్ గ్రూపు కుదిరేలా చూస్తాయి, రంగు, ఎత్తు దగ్గరగా ఉండేలా చూస్తాయి. అవన్నీ ఒకప్పటికి చాలేవి. ఇప్పుడు అమెరికాలో ఉన్న మీ అక్క కొడుకో, అన్న కూతురో సరదాకు డీఎన్‌ఏ కిట్ కొనుక్కుంటారు, మీ బిడ్డ కూడా పై చదువుకు వెళ్లి అదే కిట్ కొంటుంది, తన పిన్ని పిల్లలతో, పెద్దమ్మ పిల్లలతో రక్తసంబంధం లేదని తెరమీద కనిపిస్తుంది. ఇరవై రెండేళ్ల వయసులో, హాస్టల్ గదిలో ఒంటరిగా తెలిసే పద్ధతి అది. అంతకన్నా ముందే పెళ్లిలోనో, కర్మకాండల రోజునో పెద్దవాళ్ల మధ్య మాట జారడం నేను ఎక్కువగా విన్నాను. అలా తెలిసిన పిల్లలు నాతో మాట్లాడినప్పుడు దాత గురించి బాధపడింది తక్కువ. "ఇన్నాళ్లూ అందరికీ తెలుసు, నాకు తప్ప" అన్నదే వాళ్ల కోపం.

ఎలా చెప్పాలని అడిగితే, నాలుగైదేళ్ల వయసులో పడుకోబెట్టేటప్పుడు చెప్పే కథల్లో ఒకటిగా చెప్పమంటాను. "అమ్మ పొట్టలో గింజలు అయిపోయాయి, ఒక మంచి ఆంటీ ఒక గింజ ఇచ్చింది, డాక్టరు గారు దాన్ని అమ్మ పొట్టలో పెట్టారు, అందులోంచి నువ్వొచ్చావు." ఆ వయసులో పిల్లలకు ఇది విమానం ఎలా ఎగురుతుందన్న కథ కన్నా వింతేమీ కాదు, విని, పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క అడుగుతారు. ఏడెనిమిదేళ్లకు ప్రశ్నలు వస్తాయి, వచ్చినప్పుడు వచ్చినంతవరకు చెప్పాలి. పదిహేనేళ్లకు కూర్చోబెట్టి గంభీరంగా చెప్పడం మాత్రం అన్నిటికన్నా కష్టమైన దారి.

మీవారు దీనికి వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఆయన్ను విడిగా కౌన్సెలర్‌తో మాట్లాడమనండి, మీ కేంద్రంలో కాకపోతే బయట ఎవరితోనైనా. ఆయన చివరికీ ససేమిరా అంటే, నేనైతే దాత చికిత్స కొంతకాలం ఆపి ఉంచమంటాను. బిడ్డ ఎదుట జీవితాంతం ఒకే మాట మీద నిలబడలేని దంపతుల మధ్య ఆ రహస్యం తగవుకు ఆయుధమైపోవడం నేను చూశాను. ఒక విడాకుల కేసులో తండ్రి కోపంలో బయటపెట్టింది అదే.

మీ వయసు గురించి మీరు ఎక్కువ దిగులు పడుతున్నట్టు రాశారు. దాత అండంలో నాణ్యత దాత వయసును బట్టి ఉంటుంది గనుక మీకు కొన్ని నెలల వ్యవధి ఉంది. చట్టం స్త్రీకి 50 లోపు, పురుషుడికి 55 లోపు అని పరిమితి పెట్టింది. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఒక తల్లికి దాత అండంతో కవలలు పుట్టినప్పుడు పత్రికలు సంబరపడ్డాయి, నేను సంబరపడలేకపోయాను. పిల్లలకు పదేళ్లు వచ్చేసరికి వాళ్లను చూసేదెవరన్న ప్రశ్న అప్పుడే అడగవలసింది. మీ విషయంలో ఆ ప్రశ్న లేదు. దాత అండంతో వచ్చే గర్భంలో రక్తపోటు సమస్యలు కొంత ఎక్కువని మాత్రం గుర్తుంచుకుని, అందుకు తగిన వైద్య పర్యవేక్షణ ఉన్నచోట కాన్పు ఏర్పాటు చేసుకోండి.

సమ్మతి పత్రంలో చాలామంది చదవకుండా దాటేసే భాగం మిగిలిన పిండాల గురించినది. ఫ్రీజ్ చేసిన పిండాలను పదేళ్ల వరకు ఉంచవచ్చు, ఆ తర్వాత వాటిని నశింపజేయాలి లేదా మీ సమ్మతితో పరిశోధనకు ఇవ్వాలి. మీలో ఒకరికి ఏమైనా జరిగితే, మీరు విడిపోతే అన్న ప్రశ్నలకు జవాబులు అపశకునమని ఖాళీగా వదిలేయకండి. పిండాన్ని గర్భంలోకి మార్చే క్షణం వరకు సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు మీకుంది.

ఎవరైనా ఏజెంటు మధ్యలో దూరి "ఇంత తంటా ఎందుకు, సరొగసీ చేయిస్తాం" అంటే నమ్మకండి. మీకు గర్భసంచి బాగానే ఉందంటున్నారు గనుక అది మీకు వర్తించదు, పైగా డబ్బుకు గర్భం అద్దెకివ్వడం ఇప్పుడు నేరం. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసులో, సరొగసీ బిడ్డ అని చెప్పి అప్పగించిన శిశువు డీఎన్‌ఏ ఆ దంపతులతో కలవలేదు. పేద తల్లిదండ్రుల దగ్గర కొన్న బిడ్డను ఇచ్చారని పోలీసులు చెప్పారు. మగబిడ్డను ఎంచి ఇస్తామనేవాళ్లదీ నేరమే.

దత్తత గురించి మీరు అడగలేదు. అయినా దాని గురించి చెప్పడం నా బాధ్యత అనుకుంటాను, అందుకే రాస్తున్నాను. రెండేళ్లలోపు బిడ్డ కోసం నమోదు చేసుకోవాలంటే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. మీ ఇద్దరివీ కలిపి ఇప్పుడు 80, ఏటా రెండేసి పెరుగుతాయి. ఇంకో రెండు మూడు సైకిళ్ల తర్వాత చూద్దామనుకుంటే ఆ గడువు దాటిపోవచ్చు. దత్తత ఐవీఎఫ్ విఫలమైతే దొరికే ఓదార్పు బహుమతి కాదు, దాన్ని దానికోసం కోరుకునేవాళ్లే చేయాలి. మీకు అలాంటి కోరిక ఎక్కడైనా ఉందేమో ఇద్దరూ ఒకసారి నిజాయితీగా మాట్లాడుకోండి.

ఇక మీ చివరి ప్రశ్న, ఆ బిడ్డ నా బిడ్డ అవుతుందా అన్నది. జనన ధ్రువపత్రంలో తల్లిగా ఉండేది మీ పేరే. తొమ్మిది నెలలు మోసేది, కనేది మీరే. అయినా దాత అండం ఒప్పుకున్న స్త్రీలలో చాలామందికి తన పోలికతో పుట్టవలసిన బిడ్డ ఇక లేదన్న దుఃఖం ఉంటుంది, దానికి ఎవరూ పరామర్శకు రారు. ఆ దుఃఖం తీరకముందే దాతను ఎంచుకోమని కేంద్రం తొందరపెడితే, వచ్చే నెల వస్తామని చెప్పి వచ్చేయండి. సమ్మతి పత్రం ఖాళీ ప్రతి ఒకటి ఇంటికి తెచ్చుకుని, ఇద్దరూ కూర్చుని తెలుగులో చదువుకోండి; మీ కాపీ ఇంగ్లిషులో మాత్రమే ఉంటే తెలుగు ప్రతి అడగండి. మీకు అర్థమయ్యే భాషలో వివరించకుండా సంతకం తీసుకోకూడదు.